పెట్టెలోని అల్లిక

డిసెంబరు వచ్చిందంటే నరసాపురం డాబాల మీద క్రిస్మస్ నక్షత్రాలు లేస్తాయి. అందరూ తలెత్తి వాటిని చూస్తారు. నేను మాత్రం ఆ నక్షత్రం తీగ వెంట కిందికి దిగి, మెట్ల కింద గోడకు బిగించిన పెట్టె దగ్గర ఆగిపోతాను.

మొన్న మా వెనక వీధి కుర్రాడు ఆ పెట్టె మూత తీసి చూపించాడు. లోపల ఎం.సి.బి., దాని పక్కనే 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే పడిపోయే ఆర్.సి.సి.బి. మధ్యలో చిల్లుల రేకు తొడుక్కున్న 5 వోల్టుల, 60 ఆంపియర్ల ఎస్.ఎం.పి.ఎస్., అంటే ఇంటి కరెంటును 5 వోల్టులకు దించేది. ఓ మూలన అరచేతికన్నా చిన్న కంట్రోలర్. 230 వోల్టుల తీగలు ఒక గట్టున, 5 వోల్టుల తీగలు అవతలి గట్టున, నడుమ పడవలేని కాలవలా ఖాళీ. తీగలన్నీ ఒకే వంపు తిరిగి ఒకే చోట కట్టుపడ్డాయి. అవన్నీ బిగించిన పలక ఊడదీసి వెనక్కి తిప్పాడు. వెనకా అంతే శుభ్రం. వాళ్ళమ్మ లేసు అల్లుతుంది. మంచి లేసును తిరగేసి చూసినా దారం కొస కనపడదు. 2024లో భౌగోళిక గుర్తింపు అందుకున్న పనితనం అది. ఆ చెయ్యే కొడుక్కి వచ్చింది.

లేసుకు ఒకే దారం, ఒకే సూది. ఈ దీపాలకూ ఆజ్ఞ మోసే తీగ ఒక్కటే. ప్రతి పిక్సెల్, అంటే ప్రతి బుల్లి దీపం, తనకు రావలసిన 24 బిట్లు తీసుకుని, మిగిలింది పక్కదానికి అందిస్తుంది. 1836లో ఇండియాకు వచ్చిన విలియం బౌడెన్, జార్జ్ బీర్ మొదలుపెట్టిన గోదావరి డెల్టా మిషను సంఘాల్లో ప్రభువు బల్ల దగ్గర రొట్టె ఇలాగే చేతి నుంచి చేతికి సాగుతుంది. నాకు మొదట ఆ బల్లే గుర్తొచ్చింది.

వెనకటి రోలరు పెట్టెలంటే కూడా నాకు ప్రాణం. మోటారు తిప్పే డ్రమ్ము, దానిమీద రాగిరేకు ముక్కలు, వాటిని రాసుకుంటూ పోయే పట్టీలు, చీకట్లో చిటచిటలాడే నీలి నిప్పురవ్వలు. 1882లో న్యూయార్కులో ఎడిసన్ సహచరుడు ఎడ్వర్డ్ జాన్సన్ తన ఇంటి క్రిస్మస్ చెట్టుకు 80 రంగుబల్బులు కట్టాడు. ఆ చెట్టు తిరుగుతుంటే ఆ బల్బులూ ఆరి వెలిగేవి. అయితే రోలరుకు తెలిసినవి రెండే: వెలగడం, ఆరడం.

ఇప్పటి పెట్టెకు నడిమి మెట్లూ తెలుసు. ఒక్కో రంగుకు 256 మెట్లు. రసమంతా అక్కడే ఉంది. కన్నుకు సగం వెలుగనిపించాలంటే 128 ఇస్తే ఎక్కువైపోతుంది; 55 దగ్గర ఆగాలి. కుర్రాడికి లెక్క తెలుసు, అయినా డాబా ఎదురుగా నిలబడి కంటితోనే సరిచూసుకున్నాడు. నక్షత్రం కొసన తెలుపు మెల్లగా కుంగి, గోదారిమీద సందెవెలుగు ఆరినట్టు, ఎప్పుడు ఆరిందో తెలియకుండా ఆరింది. ఆ తర్వాత రెండు క్షణాలు చీకటి. ఆ చీకటిని అలా ఉండనివ్వడమే కళ. లేసులో పువ్వును చూపించేది దారం చుట్టూ వదిలిన ఖాళీయే కదా!

తెలుపు తెలుపుగా నిలవాలంటే కరెంటు సమంగా అందాలి. వంద పిక్సెళ్ళు నిండుగా తెల్లగా వెలిగితే 6 ఆంపియర్లు లాగుతాయి. దూరం పోయేకొద్దీ వోల్టేజి తగ్గుతుంది, ముందు నీలం నీరసిస్తుంది, తోక ఎర్రబడుతుంది. అందుకే మధ్యలో మళ్ళీ కరెంటు కలిపాడు. ఎక్కడ కలిపాడో వెతికినా నాకు దొరకలేదు.

తీగలన్నీ పెట్టె అడుగునుంచే లోపలికి వెళ్ళాయి. ఎందుకని అడిగాను.

“పైనుంచైతే మంచు జారి లోపలికి దిగిపోద్ది బాబాయ్. ఇలా కిందికి వంచి ఎక్కిస్తే చుక్క ఆ వంపులోనే రాలిపోద్ది.”

సముద్రపు గాలి ఊరు మాది. రాగికి తొందరగా చిలుము పడుతుంది. అందుకే ప్రతి అతుకుకూ తొడుగు వేశాడు. చివర బిగించే ముందు ఓసారి తుడిచాడు, దేవుడి పటం తుడిచినంత మెల్లగా.

ఈ క్రిస్మస్‌కి మా ఊరొస్తే నక్షత్రాన్ని తనివితీరా చూడండి. తర్వాత ఆ ఇంటివాళ్ళనడిగి, మెయిన్ ఆపించి, పెట్టె మూత కూడా ఒక్కసారి తీయించుకుని చూడండి.