పోతన ఏ అక్షరం కింద?

వర్ధన్నపేట నుంచి పాలకుర్తి, బమ్మెర పెద్ద దూరమేమీ కాదు. ఈ ప్రాంతంలో ఎవరైనా లైబ్రరీ క్యాటలాగ్ రాయడం నేర్చుకోవడానికి కూర్చుంటే మొదటి చిక్కు ఆ రెండు ఊళ్లే తెచ్చిపెడతాయి. భాగవతం రాసిన బమ్మెర పోతన కార్డు ‘బ’లో పెట్టాలా, ‘ప’లో పెట్టాలా? పాల్కురికి సోమనాథుడు ‘ప’లోకి వెళ్లాలా, ‘స’లోకా? ఊరి పేరే ఇంటి పేరుగా నిలిచిపోయిన మహానుభావులు వీళ్లు. నన్నడిగితే పోతనను ‘ప’లోనే పెట్టాలంటాను. కౌంటర్ దగ్గరికొచ్చినవాళ్లు ‘పోతన భాగవతం ఉందా’ అనే అడుగుతారు కదా. అయితే ‘బ’లో వెతికేవాళ్లూ ఉత్త చేతులతో పోకూడదు. వాళ్ల కోసం ‘బమ్మెర పోతన: పోతన చూడుము’ అని ఇంకో కార్డు రాసి అక్కడ పెట్టాలి. ఈ ‘చూడుము’ కార్డుల్లోనే క్యాటలాగర్ పనితనం తెలుస్తుంది.

ఆధునికుల దగ్గర చిక్కు ఇంకో రకం. 1978లో వచ్చిన ఆంగ్లో అమెరికన్ క్యాటలాగింగ్ నియమాల రెండో కూర్పు తెలుగు, తమిళ, కన్నడ, మలయాళ పేర్ల సంగతి విడిగా పట్టించుకుంది. ఇంటి పేరు ఉంటే దాని కింద, లేకపోతే సొంత పేరు కింద రాయమంది. మన ఇంటి పేరు ఎలాగూ ముందే ఉంటుంది కాబట్టి పేరును తిరగేసే పని లేదు. ఆ సంగతి మరిచి ఇంగ్లీషు అలవాటు కొద్దీ చివరి మాటను ముందుకు లాగితే సగం తెలంగాణ ‘రావు’, ‘రెడ్డి’ సొరుగుల్లోనే సర్దుకోవాలి. కాళోజీ నారాయణరావును ‘రావు’లో వెతికే ఓరుగల్లు మనిషి ఉంటాడా?

ఇంటి పేరుతోనే పని అయిపోదు. చిన్నగూడూరు దాశరథి సోదరులనే తీసుకోండి. కృష్ణమాచార్య కవి, రంగాచార్య నవలాకారుడు. జనం నోట ఇద్దరూ దాశరథే. పుస్తకాల మీద ఒకచోట ‘ఆచార్య’, ఇంకోచోట ‘ఆచార్యులు’ అని ఉంటుంది. ఏదో ఒక రూపం ఖాయం చేసుకుని, ఆ రచయిత పుస్తకాలన్నిటికీ అదే రాయాలి. లేదంటే ఒక మనిషి రెండు చోట్ల తేలతాడు, ఇద్దరు మనుషులు ఒకచోట కలిసిపోతారు.

రంగాచార్య ‘చిల్లర దేవుళ్లు’ చేతికొచ్చిందనుకుందాం. ముందు అక్సెషన్ రిజిస్టర్‌లో వరస నంబరు వేసి, అదే నంబరు పుస్తకం లోపలా రాస్తారు. వివరాలు తీసుకోవాల్సింది అట్ట మీది నుంచి కాదు, లోపలి టైటిల్ పేజీ నుంచి. అట్ట బొమ్మ గీసినవాడి ఇష్టం, టైటిల్ పేజీ ప్రచురణకర్త పూచీ. తరువాత అయిదంగుళాల పొడవు, మూడంగుళాల ఎత్తు కార్డు మీద పైన రచయిత, కింద కాస్త లోపలికి జరిపి పుస్తకం పేరు, ప్రచురణ స్థలం, ప్రచురణకర్త, సంవత్సరం, పేజీలు. ఎడమ మూలన, పుస్తకం ఏ అరలో ఉందో చెప్పే కాల్ నంబరు. డ్యూయీ వర్గీకరణ పద్ధతిలో తెలుగు సాహిత్యం 894.827, నవల కాబట్టి చివర 3 చేరి 894.8273 అవుతుంది. కవిత్వమైతే 1, నాటకమైతే 2. అదే నంబరు పుస్తకం వీపు మీదికీ ఎక్కుతుంది. కార్డు అడుగున ఉండే రంధ్రంలోంచి సొరుగు కడ్డీ పోతుంది; చూసినవాళ్లు కార్డు పీక్కుపోకుండా అదొక జాగ్రత్త.

సంవత్సరం దగ్గర పాత తెలుగు పుస్తకాలు బాగా సతాయిస్తాయి. ‘ప్రభవ’ అని మాత్రమే వేసి ఊరుకున్న పుస్తకం 1867–68దా, 1927–28దా, 1987–88దా? కాగితం, అచ్చు, ధర అణాల్లో ఉందా పైసల్లో ఉందా చూసి తేల్చాలి. అక్షర క్రమంలో సున్నను ఎక్కడ పెట్టాలన్నదీ మొదటి రోజే నిర్ణయించుకోవాలి. అచ్చుల చివర పెట్టినా, హల్లుల ముందు పెట్టినా పరవాలేదు. సొరుగు సొరుగుకీ మారిస్తేనే కొంప మునిగేది.

ఇదంతా గుమాస్తా పని అనిపిస్తుందేమో గానీ ఈ నేల మీద జాబితాకు ఉన్న విలువ వేరు. నిజాం కాలంలో తెలుగు పుస్తకానికి చోటు కావాలనే 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషా నిలయం పుట్టాయి. తెలంగాణలో కవులే లేరన్న మాటకు సురవరం ప్రతాపరెడ్డి 1934లో గోలకొండ కవుల సంచికతో జవాబిచ్చారు. వాదన పెంచకుండా 354 మంది కవులను వరసగా చూపించారు. అది క్యాటలాగ్ కాదు గానీ, పేరు నమోదైతే కలిగే బలం అందులో కనిపిస్తుంది. పాఠకుడి కాలం వృథా కానివ్వొద్దని గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ 1931లో తన అయిదు సూత్రాల్లో ఒకటిగా చెప్పారు. వెతికితే దొరకని పుస్తకం బీరువాలో ఉన్నా లేనట్టే.

ఇప్పుడు కోహా, ‘ఈ-గ్రంథాలయ’ లాంటి సాఫ్ట్‌వేర్లు వచ్చాయి. కార్డుల సొరుగులు మూలకు చేరాయి గానీ చిక్కులు మాత్రం వదల్లేదు. ‘కాళోజి’ అని కొడితే ‘కాళోజీ’ దొరుకుతాడన్న భరోసా లేదు. యూనికోడ్ పట్టికలో సున్న ‘అ’ కంటే ముందే కూర్చుంది. కంటికి ఒకేలా కనిపించే రెండు మాటల్లో ఒకదాని మధ్య కనపడని గుర్తు దూరి ఉండొచ్చు. అందుకే పాత రిజిస్టర్లను కంప్యూటర్‌కు ఎక్కించేటప్పుడు, టైపు చేసే కుర్రాళ్లకు ముందుగా రచయితల పేర్లు ఏ రూపంలో ఉండాలో ఒక కాగితం మీద రాసి ఇవ్వాలి. అందులో పోతన ఎక్కడో, బమ్మెర పోతన ఎక్కడో కూడా ఉండాలి.