తొలి ఏటనే పరిశోధన: ల్యాండ్ ఉపన్యాసముపై విమర్శ

పోలరాయిడ్ కెమెరాను కనిపెట్టిన ఎడ్విన్ ల్యాండ్ 1957 మే నెలలో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో ఒక ఉపన్యాసము చేసెను. దాని పేరు ‘జనరేషన్ ఆఫ్ గ్రేట్‌నెస్’. ఆంగ్లమున ఈ మాటకు ఘనుల తరమనియు, ఘనతను పుట్టించుట యనియు రెండర్థములు చెప్పుకొనవచ్చును. హార్వర్డ్‌లో పట్టము పొందకయే చదువు చాలించిన పరిశోధకుడు విశ్వవిద్యాలయములను గూర్చి చెప్పిన మాట లగుటచే ఇవి ఉపాధ్యాయులు పరిశీలింపదగినవి.

ఆయన వాద మిది: కళాశాలలో చేరునాటికి విద్యార్థి మనస్సులో ఏదో ఘనకార్యము చేయవలెనను కోరిక దాగియుండును. పాఠములు, పరీక్షలు, మార్కులు దానిని క్రమముగా అణచివేయును. కావున మొదటి సంవత్సరముననే ప్రతి విద్యార్థికి తనదైన పరిశోధన యుండవలెను. దారి చూపుటకు అనుభవజ్ఞు డొకడు తోడుండవలెను.

లోపమును చూపుటలో ల్యాండ్ పొరబడలేదు. లోలకముతో గురుత్వ త్వరణమును కనుగొను విద్యార్థికి సుమారు 980 రావలెనని ముందే తెలియును. తన లెక్కలో 940 వచ్చినచో కారణము వెదకడు. రికార్డు పుస్తకములో అంకె దిద్దును. కాని పరిశోధన మొదలగునది అట్టి తేడాతోనే. గాలినుండి తీసిన నత్రజని, రసాయన పదార్థములనుండి తీసిన నత్రజనికంటె సుమారు వెయ్యింట ఒక వంతు బరువుగా నున్నదని రేలీ 1892లో ప్రకటించెను. ఆ స్వల్పభేదమును విడువక వెంబడించుటచే 1894లో ఆయనకును రామ్సేకును ఆర్గాన్ వాయువు దొరకెను.

అయితే ల్యాండ్ సూచించిన ఉపాయము అసంపూర్ణము. మంచి ప్రశ్న వేయుటకు కూడ శిక్షణ కావలెను. ఏ ప్రశ్నకు ఇదివరకే సమాధానమున్నదో, ఏది మనయొద్దనున్న పరికరములతో తేలునో, క్రొత్తవాడు ఒంటరిగా ఎరుగజాలడు. తనకు సాధ్యమైనది ఎల్లరకును సాధ్యమని ల్యాండ్ తలచినట్లు తోచును.

ఈ కొరతను కొంత తీర్చినది మార్గరెట్ మెక్‌వికార్. ఆమె 1969లో అదే విద్యాసంస్థలో పట్టభద్రులు కాని విద్యార్థులకు పరిశోధనావకాశముల పథకమును ప్రారంభించెను. ఇందులో విద్యార్థి ఆచార్యుని ప్రయోగశాలలో జరుగుచున్న పనిలోనే చేరవచ్చును. చదువులో భాగముగనో, వేతనమునకో, ఊరకనో పనిచేయవచ్చును. కంసాలి కొలిమివద్ద కుర్రవాడు పని నేర్చినట్లు, ఇచ్చట చేయి తిరుగును. కాని ప్రశ్న ఆచార్యునిదై, శ్రమ మాత్రమే విద్యార్థిదగు ప్రమాదము కూడ కలదు. అట్లయినచో ల్యాండ్ కోరిన ఫలము దక్కదు.

మన దేశమునకును ఈ చర్చ అవసరమే. 2015లో మొదలైన తిరుపతి ఐసర్‌లో ఐదవ ఏటను, బెంగుళూరు విజ్ఞాన సంస్థలో 2011లో మొదలైన పట్టపు చదువులో నాల్గవ ఏటను ప్రధాన పరిశోధన జరుగును. ఇవి మేలైన ఏర్పాట్లే. కాని అంతవరకు అంకెలు దిద్దుటకు అలవాటుపడిన చేయి చివరి ఏట ఒక్కసారిగా మారునా?

కావున ఆరంభము ఉన్నత పాఠశాలలోనే జరుగవలెను. ఇందుకు క్రొత్త పరికర మేదియు అక్కరలేదు. 940 వచ్చినదని నిజము వ్రాసి, దారము పొడవును కొలుచుటలోనో డోలనములను లెక్కించుటలోనో కారణము వెదకిన విద్యార్థికి, 980 అని దిద్దినవానికంటె ఎక్కువ మార్కు లిచ్చిన చాలును.