రెండో గొంతు

మా ఆర్కెస్ట్రాలో నాది రెండో గొంతు. తెనాలి, బాపట్ల, రేపల్లె చుట్టుపక్కల పెళ్లిళ్లకీ తిరనాళ్లకీ పాడతాం. శాలువా ముందు నిలబడినవాడికి పడుతుంది. అలవాటైపోయింది లెండి.

పక్కవాడితో కలిసి పాడటం ఎలాగో తెలుసుకోవాలంటే నేను మాధవపెద్ది సత్యంగారి పాటలే వింటాను. 1922లో బాపట్ల దగ్గర బ్రాహ్మణకోడూరులో పుట్టిన మనిషి. 1957లో వచ్చిన ‘మాయాబజార్’లో ఘటోత్కచుడి విందు పాట ఆయనదే. జనానికి గుర్తున్నది మాత్రం ఎస్వీ రంగారావు. నేపథ్య గాయకుడి బతుకే అంత.

నన్ను బాగా కష్టపెట్టేది ‘కులగోత్రాలు’ (1962)లోని పేకాట పాట. రాసిన కొసరాజు రాఘవయ్యగారిదీ బాపట్ల దగ్గరి అప్పికట్లే. సంగీతం సాలూరి రాజేశ్వరరావు. సత్యంగారు, పిఠాపురం నాగేశ్వరరావుగారు కలిసి పాడారు. ఇద్దరివీ బండ గొంతులే, అయినా ఒకరి మీద ఒకరు ఎక్కరు. ఒకరు ఆఖరి అక్షరం వదిలారో లేదో రెండోవారు అందుకుంటారు. స్టేజీ మీద ఆ పాట ఎత్తుకుంటే నాకు ఊపిరి పీల్చుకునే చోటు నా ముక్కలో దొరకదు, అవతలివాడి ముక్కలో దొరుకుతుంది. అతను పాడుతుండగానే మైకు మీంచి మొహం పక్కకు తిప్పి, చప్పుడు కాకుండా పీల్చాలి. క్షణం ఆలస్యమైతే డబ్బు పోయినవాడి ఏడుపు రాదు, మెట్లెక్కినవాడి రొప్పు వస్తుంది. దీన్ని కామెడీ పాటని తీసిపారేసేవాళ్లు ఒక్కసారి పాడి చూడాలి! పైగా ఆ రోజుల్లో వాద్యాలూ గాయకులూ అంతా ఒకేసారి రికార్డింగు. ఎవరు తప్పినా మళ్లీ మొదటికి రావాల్సిందే.

వెనక నిలబడే గొంతు కోసం తెలుగు పాటలు దాటి కూడా వెతుకుతాను. అమెరికా సోల్ సంగీతంలో టెంప్టేషన్స్ అని ఐదుగురి బృందం ఉంది. అందులో అట్టడుగు స్థాయిలో పాడిన గొంతు మెల్విన్ ఫ్రాంక్లిన్‌ది. 1961లో బృందం మొదలైనప్పటి నుంచి 1995లో ఆయన పోయేదాకా ముందు నిలబడేవాళ్లు మారుతూ వచ్చారు, ఆయన మాత్రం కదల్లేదు. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని మిగతావాళ్లను వదిలేసి ఆ ఒక్క గొంతునే పట్టుకుని వింటుంటాను. మా ఇంట్లోవాళ్లకు అదేం సరదానో అర్థం కాదు.

రేపల్లె వైపు ప్రోగ్రామంటే ఎస్.జానకిగారి పాటలు తప్పవు, పల్లపట్ల ఆడపడుచు కదా. మా అమ్మాయి పాడుతుంటే వెనక నేను ఆకారం పట్టుకుని నిలబడతాను. శ్రుతి జారితే ముందు నాకే తెలుస్తుంది.

ఈమధ్య ఒక కుర్రాడు చేరాడు. పేకాట పాటలో పిఠాపురంగారి ముక్క నేర్చుకోమన్నాను. వారం తిరక్కుండానే, “మాస్టారూ, సత్యంగారి ముక్క నేను పాడతా, మీరు పిఠాపురంగారిది పాడండి” అన్నాడు. ఒప్పుకోలేదు.