అంచుకు పోయే గుర్రం

క్లబ్ స్థాయి టోర్నమెంట్లకు ఓపెనింగును ఎక్కాల్లా బట్టీపట్టి వచ్చేవాళ్లు చాలామంది. ఎదుటివాళ్లు పుస్తకంలో లేని ఎత్తు వేయగానే ఆ చదువు అక్కడితో సరి. ఎత్తుల వరుస కన్నా ఆ ఎత్తు ఎందుకో తెలియడం ముఖ్యమని నా వాదన. టూ నైట్స్ డిఫెన్స్ చూడండి. వైట్ నాలుగో ఎత్తులో గుర్రాన్ని జీ5కి దూకించి, సీ4లోని బిషప్‌తో కలిపి ఎఫ్7 బంటు మీద గురిపెడుతుంది. బ్లాక్ డీ5తో అడ్డుపడుతుంది, వైట్ ఆ బంటును కొడుతుంది. ఇక బ్లాక్ చెయ్యి దానంతటదే గుర్రం మీదికి పోతుంది, బంటుకు బంటు తీసుకుంటే లెక్క సరిపోతుంది కదా అని. ప్రమాదమంతా అందులోనే ఉంది. వైట్ గుర్రం ఎఫ్7లో దూకి మంత్రినీ ఏనుగునూ ఒకేసారి పట్టుకుంటుంది. రాజు దాన్ని చంపగానే వైట్ మంత్రి ఎఫ్3 నుంచి చెక్ ఇస్తుంది. డీ5లోని గుర్రం దక్కాలంటే రాజు స్వయంగా ఈ6కి, నడిబజారులోకి నడవాలి. ఫ్రైడ్ లివర్ ఎటాక్ అనే ఈ దాడి 17వ శతాబ్దం మొదట్లో ఇటలీ ఆటగాడు పొలేరియో నాటికే ఉంది. నేటికీ ఆటలు గెలిపిస్తోంది.

అక్కడ వేయాల్సింది గుర్రాన్ని ఏ5కి. గుర్రాన్ని బోర్డు అంచుకు పంపకూడదని మొదట్లోనే నేర్పుతారు, ఇక్కడ మాత్రం ఆ గుర్రం బిషప్‌ను తరుముతుంది. బిషప్ బీ5 నుంచి చెక్ ఇస్తే సీ6 బంటు అడ్డొస్తుంది, బంట్లు మారాక బిషప్ మళ్లీ పారిపోవాలి. బ్లాక్‌కు ఒక బంటు తక్కువ, కానీ చొరవ దానిదే. ఈ బేరం అర్థం కానివాళ్లు సరైన ఎత్తు వేసి కూడా, పోయిన బంటు వెంటపడి ఆ చొరవను పోగొట్టుకుంటారు. జీ5 ఎత్తును టార్రాష్ చేతకానివాళ్ల ఎత్తన్నాడు, ఫిషర్ 1963లో దాన్నే ఆడాడు. ఒకరు చొరవకు విలువ కట్టారు, ఇంకొకరు బంటుకు.

గుర్తులేకపోతే పదో ఎత్తుకే ఓడిపోతాం కదా అంటారు. నిజమే, ఏ5 ఎత్తును బోర్డు ముందు కూర్చుని కనిపెట్టడం కష్టం, గుర్తుండాల్సిందే. కారణం తెలిస్తే అది మరవడమూ కష్టమే. ఇంత గొడవెందుకు, లండన్ సిస్టం ఆడితే పోలా అనేవాళ్లూ ఉన్నారు. అది మంచి ఓపెనింగే, కానీ వైట్ ఆడేది. సగం ఆటల్లో మన చేతికి బ్లాక్ పావులే వస్తాయి. ఈసారి టోర్నమెంటు నుంచి వచ్చాక స్కోర్‌షీటు తీసి, మొదటి పది ఎత్తుల పక్కన కారణం రాయండి. ఎక్కడ కలం ఆగుతుందో అక్కణ్నుంచి చదవండి.