నారు వేళ్లకు ప్రాణమున్న నీళ్లు

నారు పీకి, వేళ్లకంటిన బురద కడిగి, కట్టలు కట్టాక కొందరు రైతులు వాటిని నేరుగా దమ్ము చేసిన మడిలోకి చేర్చరు. గట్టు మీద, చెట్టు నీడన, అజోస్పైరిల్లం పొడి కలిపిన నల్లటి నీళ్లలో వేళ్లు మునిగేలా కట్టలు నిలబెడతారు. అరగంటైనా నానాకే నాటే ఆడవాళ్లకు అందిస్తారు.

చూడటానికి చిన్న పనే. ఎంత తెలివైన పనో!

ఆ పొడిలో ఉన్నది మేలుచేసే బ్యాక్టీరియా. ప్రభుత్వ ప్రమాణం ప్రకారం గ్రాముకు కనీసం 5 కోట్ల సజీవ కణాలుండాలి. అవి వరి వేళ్లను అంటిపెట్టుకుని, గాలిలోని నత్రజనిని మొక్కకు పనికొచ్చేలా మారుస్తాయి. అంతకన్నా గొప్ప సాయం ఇంకొకటుంది. ఆక్సిన్ అనే హార్మోన్‌ను తయారుచేసి పిల్లవేళ్లు, నూగువేళ్లు గుబురుగా పుట్టిస్తాయి. దాంతో పైరు నీటినీ పోషకాలనూ ఎక్కువ మేర నుంచి లాక్కోగలదు.

సూక్ష్మజీవులు ఇలా నత్రజని అందిస్తాయన్నది కొత్త మాట కాదు. వరి మళ్లలోని నీలి ఆకుపచ్చ నాచు నత్రజనిని పట్టి ఇస్తుందని శాస్త్రవేత్త పి.కె. డే 1939లోనే చూపారు. గడ్డిజాతి పంటల వేళ్లలో అజోస్పైరిల్లం ప్రాధాన్యాన్ని బ్రెజిల్‌లో శాస్త్రవేత్త యోహన్నా డోబెరైనర్ 1970లలో వెలుగులోకి తెచ్చారు.

పనితనమంతా జాగ్రత్తలోనే ఉంది. గడువు తేదీ చూసి కొనాలి, ప్యాకెట్‌ను ఎండలో పెట్టకూడదు, ఆ నీళ్లలో యూరియా గానీ పురుగుమందు గానీ కలపకూడదు. యూరియా పూర్తిగా మానేయడం కుదరదు, మోతాదు మాత్రం కొంత తగ్గించుకోవచ్చు.