తెర వెనక కాపలా

తెర మీద బొమ్మలుండవు, మీటలుండవు. సర్వర్లో ఓ మూల బిట్‌కాయిన్ నోడును, దాని వాలెట్‌ను నడిపే బిట్‌కాయిన్‌డీ అనే ప్రోగ్రాం రాత్రింబవళ్లు నడుస్తూ ఉంటుంది. దాన్ని నిలబెట్టి నడిపే మనిషి పనితనం గురించి పెద్దగా ఎవరూ మాట్లాడరు. నాకు మాత్రం చూస్తే ముచ్చటేస్తుంది.

పెట్టీ పెట్టగానే వాలెట్ పనికి రాదు. 2009 జనవరి 3 నాటి తొలి బ్లాకు నుంచి లెక్కంతా దించుకుని సరిచూసుకోవాలి. వందల జీబీలు మరి! డిస్కు చాలకపోతే పాత బ్లాకులు చెరిపేసే ప్రూనింగ్ ఉంది. అయినా దించుకోవడం తప్పదు.

అసలు నేర్పు కాన్ఫిగ్ ఫైల్లో తెలుస్తుంది. తోటి నోడ్లతో మాటామంతీకి 8333 పోర్టు తెరుస్తారు. వాలెట్‌కు ఆజ్ఞలు వెళ్లే 8332ను మాత్రం బయటి నెట్‌కు చూపరు. పాస్‌ఫ్రేజ్‌తో వాలెట్ తాళం తీసినా, ఇన్ని సెకన్లకు మళ్లీ పడిపోవాలని అప్పుడే చెప్పేస్తారు. ఆపాలన్నా స్టాప్ కమాండ్ ఇచ్చి, డేటాబేసు సర్దుకునేదాకా ఆగుతారు, ప్లగ్గు పీకరు. ఆ ఓపికే నాకు నచ్చేది.

కరెంటు పోయి వచ్చినా ప్రోగ్రాం తనంతట తానే లేచేలా లినక్స్‌లోని సిస్టమ్‌డీకి అప్పగిస్తారు. వాలెట్ బ్యాకప్ వేరే చోట దాస్తారు, అప్పుడప్పుడు తెరిచి చూస్తారు కూడా.

మీరూ నడపాలనుకుంటే ముందు రెగ్‌టెస్ట్ అనే పరీక్షా నెట్‌వర్క్‌లో చెయ్యి అలవాటు చేసుకోండి. అక్కడి నాణేలు పోయినా పైసా నష్టం లేదు.