కన్నీళ్ల వెనక సంతకాలు

పాఠకుణ్ణి ఏడిపించిన నవలను చిన్నచూపు చూడటం మన విమర్శలో ఒక అలవాటైపోయింది. కన్నీరు కనిపిస్తే చాలు, 'మెలోడ్రామా' అని ముద్ర వేసి పక్కన పెడతాం. వారపత్రికల సీరియళ్లు ఏళ్ల తరబడి సాగించిన కన్నీటి వ్యాపారం చూశాక ఈ అనుమానం కలగడం సహజమే. కాని అనుమానం విశ్లేషణ కాదు. ఆ కన్నీరు ఎవరి కోసం వచ్చింది, ఏ సన్నివేశంలో వచ్చింది, వచ్చి పాఠకుణ్ణి ఎక్కడికి చేర్చింది అని అడగడం విమర్శకుడి పని.

అమెరికన్ రచయిత్రి లీసా వింగేట్ 2017లో ప్రచురించిన 'బిఫోర్ వియ్ వర్ యువర్స్' నవలకు ఈ ప్రశ్నలు వేసి చూడాలి. 'మేము మీవాళ్లం కాకముందు' అని ఆ పేరుకు అర్థం. దత్తత, దాని వెనక దాచిన కుటుంబ రహస్యం ఇందులో వస్తువు. పట్టుకుంటే వదలబుద్ధి కాని నవల. లక్షలాది ప్రతులు అమ్ముడయ్యాయి.

ఇతివృత్తం రెండు కాలాల్లో నడుస్తుంది. 1939లో మెంఫిస్ దగ్గర, మిసిసిపీ నదిమీద పడవనే ఇల్లుగా చేసుకుని బతికే పేద కుటుంబం ఒకటి. తల్లి క్వీనీకి కాన్పు కష్టమైతే తండ్రి బ్రైనీ ఆసుపత్రికి తీసుకుపోతాడు. పుట్టిన కవలలు చనిపోయారని వాళ్లకు చెబుతారు. ఏవో కాగితాలమీద సంతకాలు చేయించుకుంటారు. పడవలో మిగిలిన ఐదుగురు పిల్లలను పోలీసులు తీసుకుపోయి అనాథ శిశువుల సంస్థకు అప్పగిస్తారు. పన్నెండేళ్ల పెద్దపిల్ల రిల్ ఈ కథ చెబుతుంది. రెండో కథ మన కాలానిది. దక్షిణ కరొలైనా సెనేటర్ కూతురు, న్యాయవాది ఏవరీ, జ్ఞాపకశక్తి కోల్పోతున్న తన నాయనమ్మ గతాన్ని వెతుకుతూ పోయి, పరువుగల తమ వంశం వేళ్లు ఆ పడవలో ఉన్నాయని తెలుసుకుంటుంది.

పాత్రలు కల్పితాలే గాని వ్యాపారం నిజం. జార్జియా టాన్ అనే ఆమె 1920లనుంచి 1950 దాకా మెంఫిస్‌లో టెనెసీ చిల్డ్రన్స్ హోమ్ సొసైటీ శాఖను నడిపింది. పేదల పిల్లలను మాయమాటలతో, మోసపు సంతకాలతో, కొన్నిసార్లు ఏకంగా ఎత్తుకొచ్చి, దత్తత పేరిట డబ్బున్నవాళ్లకు అమ్మింది. సుమారు 5,000 మంది పిల్లలు ఆమె చేతులమీదుగా పోయారనీ, 500 మంది దాకా చనిపోయారనీ అంచనా. బాలల న్యాయస్థానం జడ్జి కామిల్ కెల్లీ సహకారమూ, నగర రాజకీయాలను శాసించిన ఎడ్వర్డ్ క్రంప్ అండా ఆమెకున్నాయి. 1950లో గవర్నరు గోర్డన్ బ్రౌనింగ్ విచారణ ప్రకటించిన కొద్దిరోజులకే ఆమె క్యాన్సర్‌తో మరణించింది. శిక్ష పడనేలేదు.

నవల బలమంతా రిల్ గొంతులో ఉంది. ఆశ్రమంలో అడుగుపెట్టగానే పిల్లల పేర్లు మారిపోతాయి. రిల్ కాస్తా 'మే' అవుతుంది. బడి రిజిస్టరులో ఒక్క అక్షరం సరిచేయాలన్నా తల్లిదండ్రులు ఎన్ని కాగితాలు తేవాలో ఉపాధ్యాయులకు తెలుసు. అక్కడ ఒక మనిషి పేరు, పుట్టుక, అమ్మానాన్నలు అన్నీ ఒక్క కలంపోటుతో మాయమయ్యాయి. రచయిత్రి ఈ సందర్భంలో ఉపన్యాసం ఇవ్వదు. చెల్లెళ్లనూ తమ్ముణ్ణీ కాపాడుకోవాలని తాపత్రయపడే అక్కను చూపిస్తుంది. వాళ్లు ఒక్కొక్కరే దూరమవుతారు. కమీలియా మరి కనిపించదు. ఇక్కడ వచ్చే కన్నీరు నిజాయితీ గలది. ఆసుపత్రి, పోలీసు, కారు, ఆశ్రమం, కోర్టు, ఇలా చేతులు మారుతూ ఒక బిడ్డ సరుకుగా ఎలా తయారవుతుందో ఆ కన్నీటితోపాటే మనకు తెలిసివస్తుంది.

అసలు చిక్కు తరవాత వస్తుంది. రిల్ తన చెల్లెలు ఫెర్న్‌ను వెంటబెట్టుకుని, దత్తత తీసుకున్న సంపన్నుల ఇంటినుంచి పారిపోయి నదికి చేరుకుంటుంది. అప్పటికే తల్లి చనిపోయింది. తండ్రి తాగుడులో మునిగి మతి చెడి ఉన్నాడు. చివరికి పడవా దక్కదు. పిల్లలు మళ్లీ పెద్దింటికే తిరిగివెళతారు. పాఠకుడు 'హమ్మయ్య' అనుకుంటాడు. కడుపునిండా తిండి, సంగీతం, ప్రేమగల దంపతులు! ఇంకేం కావాలి?

ఆ ఊరటను మనం అనుమానించాలి. పేదలు పిల్లలను పెంచడానికి తగరనీ, 'ఉన్నత' కుటుంబాల్లో పడితేనే వాళ్లు బాగుపడతారనీ టాన్ చెప్పుకున్న సిద్ధాంతం. మనకు తెలియకుండానే ఆమె పక్షాన నిలబడ్డాం. తల్లి ఎందుకు చనిపోయింది? తండ్రి ఎందుకు చెడిపోయాడు? బిడ్డలను పోగొట్టుకున్నందుకు. దొంగతనం తెచ్చిపెట్టిన పతనమే ఆ దొంగతనానికి సమర్థనగా మారుతోంది. నవల దీన్ని చూపించింది గాని, అక్కడ ఆగి పాఠకుణ్ణి నిలదీయలేదు.

కారణం నిర్మాణంలోనే ఉంది. బిడ్డ దక్కని ఒక సంపన్న స్త్రీ కాన్పుతో నవల ప్రారంభమవుతుంది. కాన్పులో మోసపోయిన క్వీనీకి మాత్రం తన గొంతుతో మాట్లాడేందుకు ఒక్క అధ్యాయమూ దక్కలేదు. టాగూరు 'గోరా'లో పుట్టుక రహస్యం బయటపడగానే కథానాయకుడు కులమతాల గోడలు దాటి దేశాన్ని కొత్త కళ్లతో చూస్తాడు. ఇక్కడ రహస్యం తెలిశాక ఏవరీ తన నిశ్చితార్థం వదులుకుని మనసుకు నచ్చినవాడికి దగ్గరవుతుంది. ఆమె మట్టుకు అది విముక్తే. కాని ఒక వర్గం మీద జరిగిన నేరం ఒక ఇంటి కథగా కుదించుకుపోయింది.

ఈ చర్చ మనకు పరాయిది కాదు. 1999లోనూ, 2001లోనూ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో లంబాడా తండాలనుంచి ఆడశిశువులను కొద్దిపాటి డబ్బుకు కొని, దత్తత పేరిట విదేశాలకు పంపే వ్యవహారం బయటపడింది. పేదరికం కారణంగా కన్నవాళ్లు బిడ్డను దత్తత సంస్థలకు అప్పగించడాన్ని ప్రభుత్వం 2001లో నిషేధించింది. ఆనాటి శిశువులు ఇవాళ పాతికేళ్లవాళ్లు. వాళ్లు తమ వేళ్లు వెతుక్కునే కథలు రావాలి, వస్తాయి. పాఠకులూ ఆదరిస్తారు.

అయితే వింగేట్ విడిచిపెట్టిన చోటునుంచి మన రచయితలు మొదలుపెట్టాలి. కాగితంలో ఏముందో తెలియక తండాలో వేలిముద్ర వేసిన తల్లి నోట ఆ కథ వినిపించాలి. ఆ నవల చదివి పాఠకుడు ఏడిస్తే, ఆ కన్నీటికి విమర్శకుడు సిగ్గుపడనక్కరలేదు.